ఆసుపత్రి నుంచి ఇంటికి వచ్చిన పెద్దవారి సంరక్షణ: తరచుగా అడిగే ప్రశ్నలు

రెండేళ్ల క్రితం మా నాన్నగారు పెరట్లో కాలు జారి పడ్డారు. తుంటి ఎముక విరిగింది. ఆపరేషన్ బాగానే జరిగింది. తొమ్మిదో రోజు మధ్యాహ్నం ఇంటికి తీసుకువెళ్లవచ్చన్నారు. ఒక ఫైలు, ఒక మందుల సంచి, ఒక వాకర్ మా చేతికిచ్చి పంపారు. ఇల్లు చేరేదాకా అందరం సంతోషంగానే ఉన్నాం. రాత్రి తొమ్మిదింటికి ఆయన బాత్‌రూమ్‌కు వెళ్లాలన్నప్పుడు తెలిసింది, మాకేమీ తెలియదని.

ఆ తర్వాత బంధువుల్లో గానీ మా వీధిలో గానీ ఎవరింటికి పెద్దవారు ఆసుపత్రి నుంచి వచ్చినా మాకు ఫోన్ చేస్తున్నారు. అడిగేవి దాదాపు ఇవే ప్రశ్నలు. డాక్టర్లను, నర్సులను, ఫిజియోథెరపిస్టును అడిగి తెలుసుకున్నవి, మేము పడి లేచి నేర్చుకున్నవి కలిపి ఇక్కడ రాశాను. మీ పెద్దవారి జబ్బు సంగతి మీ డాక్టరుకే బాగా తెలుసు. ఎక్కడైనా ఆయన మాటకు, ఈ రాతకు తేడా వస్తే ఆయన మాటే వినండి.

డిశ్చార్జి అన్నారు. ఆసుపత్రి నుంచి కదిలేలోపు ఏమేం తెలుసుకోవాలి?

ఆ రోజు ఇంటిల్లిపాదీ బిల్లు కౌంటరు చుట్టూ తిరుగుతారు. అలా కాకుండా ఒకరు బిల్లు చూసుకోండి, ఒకరు మంచం దగ్గరే ఉండండి. మంచం దగ్గర ఉన్నవారు డిశ్చార్జి సమ్మరీని నర్సు చేతనో జూనియర్ డాక్టరు చేతనో తెలుగులో చెప్పించుకుని నోట్‌బుక్‌లో రాసుకోవాలి. ఏం జబ్బు, ఏం చేశారు, పాత మందుల్లో ఏవి ఆపాలి, కొత్తవి ఎన్నాళ్లు వాడాలి, కుట్లు ఎప్పుడు తీస్తారు, స్నానం ఎప్పటి నుంచి చేయించవచ్చు, ఆపరేషన్ అయిన కాలి మీద బరువు మోపవచ్చా, మళ్లీ ఎప్పుడు చూపించాలి, అర్ధరాత్రి అవసరమైతే ఏ నంబరుకు చేయాలి. వీటిలో ఒక్కదానికి జవాబు రాకపోయినా కదలవద్దు.

ఇంట్లో మీరు చేయాల్సిన పని ఏదైనా సరే, అంటే ఇన్సులిన్ వేయడం, కట్టు మార్చడం, యూరిన్ సంచి ఖాళీ చేయడం లాంటివి, నర్సు ఎదురుగా మీ చేత్తో ఒకసారి చేసి చూపించండి. చూసినప్పుడు తేలికగానే ఉంటుంది. చేయబోతే చేతులు వణుకుతాయి. ఆ వణుకు ఆసుపత్రిలో ఉండగానే తీరిపోవాలి.

కళ్లద్దాలు, కట్టుడు పళ్లు, వినికిడి యంత్రం సంచిలో ఉన్నాయో లేదో చూసుకోండి. ఆసుపత్రుల్లో ఎక్కువగా పోయేవి ఇవే. అవి లేకపోతే పెద్దవారు ఇంటికొచ్చి కూడా సగం చూపుతో, సగం వినికిడితో బతకాలి.

నగదు రహిత బీమా ఉన్నవారికి ఒక మాట. ఆసుపత్రి నుంచి డిశ్చార్జి అభ్యర్థన అందిన 3 గంటల్లో బీమా సంస్థ తుది అనుమతి ఇవ్వాలని బీమా నియంత్రణ సంస్థ 2024లో నిర్దేశించింది. సాయంత్రం దాకా కూర్చోబెడితే ఈ సంగతి గుర్తు చేయండి.

ఈ రోజు మంగళవారం, ఇంటికి పంపవద్దని అత్తగారు అంటున్నారు. ఒక రోజు ఆగవచ్చా?

మంగళవారం, శుక్రవారం, అమావాస్య అంటూ చాలా ఇళ్లలో ఈ పట్టింపు ఉంది. పెద్దవారి మనసు కష్టపెట్టడం ఎవరికీ ఇష్టం ఉండదు. కానీ ఆసుపత్రిలో అనవసరంగా గడిపే ప్రతి రోజూ ఇన్ఫెక్షన్ సోకే అవకాశాన్ని పెంచుతుంది, కండ బలాన్ని తగ్గిస్తుంది, పడక ఖర్చు సరేసరి. డిశ్చార్జి తేదీ గురించి రెండు రోజుల ముందే డాక్టరును అడిగితే ఇద్దరికీ సమ్మతమైన రోజు తరచుగా దొరుకుతుంది. ఇంటికి రాగానే ఎర్రనీళ్లతో దిష్టి తీయాలనుకుంటే తప్పకుండా తీయండి. కాకపోతే గుమ్మం ముందు కుర్చీ వేసి కూర్చోబెట్టి తీయండి. నీరసంగా ఉన్న మనిషిని నిలబెట్టవద్దు, ఆ నీళ్లు గడప దగ్గర పారబోయవద్దు.

ఇంట్లో ముందుగా ఏం మార్పులు చేయాలి?

మంచం నుంచి బాత్‌రూమ్ దాకా మీరే ఒకసారి వాకర్ పట్టుకుని నడవండి. గడపలు, కాళ్లు తుడుచుకునే గుడ్డలు, ఫ్యాను వైరు, తలుపు పక్కన బియ్యం డబ్బా, అన్నీ అప్పుడు కనబడతాయి. వాకర్ పట్టనంత ఇరుకు తలుపులు కూడా అప్పుడే తెలుస్తాయి.

మంచం ఎత్తు ముఖ్యం. అంచున కూర్చుంటే పాదాలు నేలకు ఆనాలి, మోకాళ్లు తుంటి కన్నా పైకి లేవకూడదు. నవారు మంచం, నులక మంచం కుంగిపోతాయి, వాటి మీద నుంచి లేవడం బలమైనవారికే కష్టం. బాత్‌రూమ్‌లో గోడకు పట్టుకునే కడ్డీ బిగించండి, తువ్వాలు వేసే కడ్డీని నమ్ముకోవద్దు. నేల మీద కూర్చునే మరుగుదొడ్డి ఉన్న ఇళ్లలో కమోడ్ కుర్చీ కొనండి లేదా అద్దెకు తెచ్చుకోండి. మంచం పక్కన పెడితే రాత్రి ప్రయాణం తప్పుతుంది. దారిలో చిన్న బల్బు రాత్రంతా వెలగనివ్వండి. పంచె, చీర కుచ్చిళ్లు పాదాల కిందకు రాకుండా పైకి కట్టండి. పూజగదిలో వాడే గంట ఒకటి తలగడ పక్కన పెట్టండి. పిలిచే ఓపిక లేనప్పుడు అది మోగుతుంది.

మందులు చాలా ఉన్నాయి. పొరపాటు జరగకుండా ఎలా?

అన్నిటికన్నా ఎక్కువ ప్రమాదం ఇక్కడే. మా ఇంట్లో జరిగింది చెబుతాను. నాన్నగారి పాత బీపీ మాత్రలు బిస్కెట్ డబ్బాలో ఉండేవి. ఆసుపత్రి వాళ్లు రాసిన కొత్త బీపీ మాత్ర వేరే కంపెనీది, పేరు వేరు, రంగు వేరు. అమ్మ అలవాటుగా పాతది ఇచ్చింది, నేను చీటీ చూసి కొత్తది ఇచ్చాను. రెండింటిలోనూ ఉన్నది ఒకటే టెల్మిసార్టాన్. మూడో రోజు ఉదయం ముఖం కడుక్కుంటూ ఆయన కళ్లు తిరిగి వాలిపోయారు. పక్కనే ఉన్నాను కాబట్టి పట్టుకోగలిగాను.

అందుకని ఇంటికి రాగానే పాత మందులన్నీ ఒక సంచిలో వేసి అల్మారా పైకి ఎక్కించండి. మందు పేరు చూసేటప్పుడు పెద్ద అక్షరాల కంపెనీ పేరును వదిలి, దాని కింద చిన్న అక్షరాల్లో ఉన్న అసలు మందు పేరు చదవండి. ఒకే పేరు రెండు అట్టల మీద కనిపిస్తే రెండూ ఇవ్వకండి, రెండూ ఆపేయకండి. కొత్త చీటీలో ఉన్నది మాత్రమే ఇచ్చి, వెంటనే డాక్టరును అడగండి. ఒక పెద్ద కాగితం మీద పరగడుపున, టిఫిన్ తర్వాత, మధ్యాహ్నం, రాత్రి అని నాలుగు గడులు గీసి గోడకు అంటించండి. మాత్ర వేసిన వెంటనే టిక్కు పెట్టండి. మందులు ఇచ్చే బాధ్యత ఇంట్లో ఒకరిదే కావాలి. ఇద్దరిది అయితే మా ఇంట్లో జరిగిందే జరుగుతుంది.

మింగలేకపోతున్నారని ప్రతి మాత్రనూ పొడి చేయకండి. నెమ్మదిగా కరిగేలా తయారుచేసిన మాత్రలను నూరితే రోజంతా పనిచేయాల్సిన మందు ఒక్కసారిగా ఒంట్లోకి వెళుతుంది. రక్తం పలచబడే మందులు వాడేవారికి, కిడ్నీ సమస్య ఉన్నవారికి మందుల దుకాణంలో అడిగి తెచ్చిన నొప్పి మాత్రలు ఇవ్వవద్దు. రక్తం పలచబడే మందుల్లో ఒకటైన వార్ఫరిన్ వాడుతుంటే ఆకుకూరలు మానేయనక్కరలేదు, వారం వారం దాదాపు ఒకే పరిమాణంలో పెట్టాలి. ఒక వారం అసలు లేకుండా, మరుసటి వారం రోజూ గోంగూర పప్పు పెడితే మందు లెక్క తప్పుతుంది.

రాత్రిపూట ఎవరో వచ్చారంటున్నారు, మమ్మల్ని గుర్తుపట్టడం లేదు. మతి పోయిందా?

చాలా ఇళ్లలో భయపడేది దీనికే, పైకి చెప్పుకోనిది కూడా దీన్నే. జబ్బు, ఇన్ఫెక్షన్, మత్తుమందు, నిద్ర లేకపోవడం, కొత్త చోటు, వీటి వల్ల వయసు మళ్లినవారికి ఒక్కసారిగా మనసు గందరగోళపడుతుంది. వైద్యులు దీన్ని డెలీరియం అంటారు. పొద్దున బాగానే ఉండి సాయంత్రానికి ఎక్కువవుతుంది. మతిమరుపు జబ్బు నెమ్మదిగా ఏళ్ల తరబడి ముదురుతుంది, ఇది గంటల్లో, రోజుల్లో వస్తుంది. చాలామందికి తగ్గుతుంది, కొందరికి వారాలు పడుతుంది.

ఇంటికి వచ్చాక కొత్తగా మొదలైతే ఆ రోజే డాక్టరుకు చెప్పండి. మూత్రంలో ఇన్ఫెక్షన్, ఒంట్లో నీరు తగ్గడం, మలబద్ధకం, సోడియం పడిపోవడం, కొత్త మందు, ఏదో ఒకటి వెనుక ఉంటుంది. గాలి సోకిందని, చాదస్తమని వదిలేస్తే అసలు కారణం ముదురుతుంది.

ఆ సమయంలో వాదించవద్దు. "ఎవరూ రాలేదు నాన్నా, నేనే ఉన్నాను" అని చెయ్యి పట్టుకోండి. కళ్లద్దాలు పెట్టండి. పగలు కిటికీ తెరవండి, గడియారం, తేదీ కనిపించే క్యాలెండరు ఎదురుగా ఉంచండి. మంచానికి కట్టేయడం మాత్రం ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

విశ్రాంతి ఇవ్వాలా, నడిపించాలా?

మన ప్రేమ ఎక్కువగా దారితప్పేది ఇక్కడే. "మీరు లేవకండి, అన్నీ మంచం దగ్గరికే తెస్తాం" అంటాం. ఆరోగ్యంగా ఉన్న పెద్దవారిని 10 రోజులు మంచం మీదే ఉంచి చూస్తే కాళ్ల కండలో సుమారు కిలో తగ్గినట్టు పరిశోధకులు గమనించారు. జబ్బు చేసినవారి సంగతి చెప్పనక్కరలేదు. పోయిన కండ తిరిగి రావడానికి నెలలు పడుతుంది.

డాక్టరు బరువు మోపవద్దని ప్రత్యేకంగా చెప్పకపోతే రోజుకు నాలుగైదు సార్లు లేపండి. మొదట మంచం అంచున కూర్చోబెట్టి రెండు నిమిషాలు ఆగండి, కళ్లు తిరగడం లేదని చూసుకుని నిలబెట్టండి. వాకర్ పిడి ఎత్తు, నిటారుగా నిలబడి చేతులు వదిలేసినప్పుడు మణికట్టు ఎక్కడ ఉంటుందో అక్కడికి రావాలి. వాకర్ ముందు, తర్వాత ఆపరేషన్ కాలు, ఆ తర్వాత మంచి కాలు. మెట్లు ఎక్కేటప్పుడు మంచి కాలు ముందు, దిగేటప్పుడు ఆపరేషన్ కాలు ముందు. తుంటి కీలు మార్చినవారు డాక్టరు అనుమతించేదాకా కింద కూర్చోకూడదు, కాలు మీద కాలు వేసుకోకూడదు, ముందుకు వంగి నేల మీద వస్తువు తీయకూడదు.

మా ఫిజియోథెరపిస్టు మొదటి రోజే అమ్మతో ఒక మాట అన్నారు: "ఆయనను పట్టుకుని నడిపించకండమ్మా, రెండడుగులు వెనక నడవండి." అమ్మకు అది చాలా కష్టమైంది. చెయ్యి ముందుకు వెళ్లిపోయేది. నాన్నగారు వాకర్‌కు ఒక చిన్న గుడ్డసంచి కట్టించుకున్నారు. కళ్లద్దాలు, చేతిరుమాలు తానే మోసుకుంటానన్నారు. పళ్లు తోముకోవడం, గడ్డం గీసుకోవడం, అన్నం కలుపుకోవడం, పది నిమిషాల పని అరగంట పట్టినా ఆయననే చేసుకోనిచ్చాం. ఆ అరగంట మందులతో సమానమని నేను మనస్ఫూర్తిగా నమ్ముతున్నాను.

పథ్యం ఏం పెట్టాలి?

చారన్నం, జావ, మజ్జిగన్నం, రెండు ఇడ్లీలు. జ్వరం నుంచి గుండె ఆపరేషన్ దాకా మనకు తెలిసిన పథ్యం ఇదే. ఒకటి రెండు రోజులకు ఫరవాలేదు. నెలంతా ఇదే పెడితే గాయం మానడానికి, కండ పట్టడానికి కావలసిన మాంసకృత్తులు ఎక్కడి నుంచి వస్తాయి? పెద్దవారికి శరీర బరువులో కిలోకు రోజుకు 1 నుంచి 1.2 గ్రాముల మాంసకృత్తులు కావాలి, జబ్బు నుంచి కోలుకునేటప్పుడు ఇంకొంచెం ఎక్కువే. 50 కిలోల మనిషికి కనీసం 50 నుంచి 60 గ్రాములు. ఒక గుడ్డులో సుమారు 6, గ్లాసు పాలలో దాదాపు అంతే. చారులో దాదాపు ఏమీ ఉండదు.

గట్టిగా ఉడికించిన ముద్దపప్పు, పెసరట్టు, పెరుగు, గుడ్డు, తినేవారికి చేప లేదా మెత్తగా ఉడికిన కోడి మాంసం, ఇవి ప్రతి పూటా ఏదో ఒక రూపంలో ఉండాలి. గుడ్డు వేడి చేస్తుందని, పెరుగు చీము పట్టిస్తుందని ఎవరైనా అంటే డాక్టరునే అడగమనండి. కొంచెం కొంచెంగా ఐదారు సార్లు పెట్టండి. కిడ్నీ జబ్బు ఉన్నవారికి లెక్క వేరు, వారి డాక్టరు చెప్పినంతే. గుండె బలహీనంగా ఉన్నవారికి ఆవకాయ, అప్పడం, ఊరమిరపకాయ కొన్నాళ్లు దూరం పెట్టక తప్పదు. నీళ్లు ఎంత తాగవచ్చో కూడా వారికి అడిగి తెలుసుకోవాలి.

పక్షవాతం వచ్చినవారు నీళ్లు తాగుతుంటే పొలమారుతుందా, దగ్గు వస్తుందా గమనించండి. వస్తుంటే నోటి ద్వారా పెట్టడం ఆపి డాక్టరుకు చెప్పండి, అది ఊపిరితిత్తుల్లోకి వెళ్లగలదు.

షుగర్ ఉన్నవారికి చెమటలు పట్టి వణుకుతుంటే?

తిండి తగ్గి, మందు మాత్రం పాత మోతాదులోనే ఉంటే షుగర్ పడిపోతుంది. 70 కన్నా తక్కువ ఉంటే మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించి, 15 నిమిషాలకు మళ్లీ చూడండి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకండి, 108కి ఫోన్ చేయండి.

మంచం మీద నుంచి లేవలేనివారిని ఎలా చూసుకోవాలి?

రెండు గంటలకోసారి పక్క మార్చండి. రోజూ ఒళ్లు తుడిచేటప్పుడు నడుము చివర, తుంటి, మడమలు, మోచేతులు చూడండి. ఎర్రగా ఉన్నచోట వేలితో నొక్కితే తెల్లబడకపోతే పుండు మొదలవుతోందని అర్థం. అక్కడ మర్దన చేయవద్దు, మధ్యలో చిల్లు ఉన్న రబ్బరు చక్రం మీద కూర్చోబెట్టవద్దు, అది చుట్టూ రక్తప్రసారాన్ని ఆపుతుంది. గాలి పరుపు సాయపడుతుంది, కానీ పక్క మార్చే పని తప్పదు.

ముక్కు గొట్టంతో ఆహారం ఇచ్చేటప్పుడు తలవైపు ఎత్తుగా, కనీసం 30 డిగ్రీలు, ఉండాలి. ఇచ్చాక మరో గంట అలాగే ఉంచండి. యూరిన్ సంచి ఎప్పుడూ నడుము కన్నా కిందే ఉండాలి, నేలను తాకకూడదు.

ఎప్పుడు వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లాలి?

మూతి వంకరపోవడం, ఒక చెయ్యి పడిపోవడం, మాట తడబడటం కనిపిస్తే గంట కూడా ఆగవద్దు. పక్షవాతానికి కారణమైన రక్తపు గడ్డను కరిగించే మందు నాలుగున్నర గంటల్లోపే ఇవ్వాలి. ఛాతీ నొప్పి, ఆయాసం, నల్లటి విరేచనం, రక్తం పలచబడే మందు వాడేవారు పడి తలకు దెబ్బ తగలడం, ఇవన్నీ 108కి చేయాల్సినవే. ఒక్క పిక్క మాత్రమే వాచి నొప్పి పుడితే రక్తం గడ్డకట్టి ఉండవచ్చు, అదే రోజు చూపించండి. గాయం నుంచి చీము, 100.4 దాటిన జ్వరం, అరపూట దాకా మూత్రం రాకపోవడం కూడా అంతే. గుండె జబ్బువారిని రోజూ పొద్దున్నే బరువు చూడండి, మూడు రోజుల్లో రెండు కిలోలు పెరిగితే ఒంట్లో నీరు చేరుతోందన్నమాట.

పలకరించడానికి వచ్చేవారిని కాదనడం ఎలా?

కాదనవద్దు, వేళ పెట్టండి. సాయంత్రం ఐదు నుంచి ఆరు అని ముందే చెబితే ఎవరూ నొచ్చుకోరు. జలుబు, దగ్గు ఉన్నవారు ఫోన్లో పలకరిస్తే చాలు. ప్రేమతో తెచ్చే కొబ్బరి బోండాలు, అరటిపళ్లు కిడ్నీ జబ్బువారికి పొటాషియం పెంచుతాయి, తీసుకుని పక్కన పెట్టండి. మంచం పక్కనే కూర్చుని "మా బాబాయికీ ఇలాగే అయింది, పాపం" అని మొదలుపెట్టేవారిని మాత్రం మెల్లగా కాఫీకి వంటింటివైపు పిలవండి.

పిల్లలం అమెరికాలో ఉన్నాం. రెండు వారాల సెలవు అయిపోతోంది.

వెళ్లేలోపు దగ్గరలో ఉన్న ఒక మనిషికి, అది మేనమామ కొడుకైనా పక్కింటివారైనా, నిర్ణయం తీసుకునే అధికారం స్పష్టంగా ఇవ్వండి. అర్ధరాత్రి ఆసుపత్రిలో చేర్చాలంటే ఆయన మీ ఫోను కోసం ఎదురుచూడకూడదు. డబ్బు, ఫైలు, బీమా కార్డు ఆయనకు అందేచోట ఉంచండి. ఆయానో హోం నర్సునో పెట్టుకుంటే గుర్తింపు పత్రాలు తీసుకోండి, పనులు కాగితం మీద రాసివ్వండి, మీరు ఇంట్లో ఉండగానే వారం రోజులు పని చేయించండి. అమ్మానాన్నలు ఆమెతో ఎలా మాట్లాడుతున్నారో కూడా చూడండి. ఆమెకు మర్యాద దొరికిన ఇంట్లోనే ఆమె నిలుస్తుంది.

ప్రభుత్వం నుంచి ఏ సాయం దొరుకుతుంది?

ఆయుష్మాన్ భారత్ కింద 2024 అక్టోబరు 29 నుంచి 70 ఏళ్లు నిండిన వారందరికీ ఆదాయంతో పనిలేకుండా కుటుంబానికి ఏడాదికి 5 లక్షల రూపాయల దాకా చికిత్స వర్తిస్తోంది, ఆధార్‌తో నమోదు చేసుకోవాలి. ఆ పథకం ప్యాకేజీలో డిశ్చార్జి తర్వాత 15 రోజుల మందులు, పరీక్షలు కలిసే ఉంటాయి. రాష్ట్ర పథకం కింద చికిత్స అయినవారు ఇంటికి వచ్చేముందే ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రను కలిసి మందుల సంగతి, తర్వాతి పరీక్షల సంగతి అడగాలి. వయోవృద్ధుల సహాయవాణి 14567. పిల్లలు పట్టించుకోకపోతే 2007 నాటి తల్లిదండ్రుల పోషణ చట్టం కింద ట్రిబ్యునల్‌కు వెళ్లవచ్చని కూడా అక్కడ చెబుతారు. కేంద్ర ప్రభుత్వ పింఛనుదారులు నవంబరులో ఇచ్చే జీవన ప్రమాణ పత్రాన్ని ఇప్పుడు ఫోనులో ముఖం చూపించి ఇంటి నుంచే ఇవ్వవచ్చు. 80 దాటినవారికి అక్టోబరు నుంచే అవకాశం ఉంది.

చూసుకుంటున్న మా వదిన బాగా అలసిపోయింది. ఏం చేయాలి?

ఆమెను "ఎంత ఓపికమ్మా నీకు" అని మెచ్చుకోవడం చాలదు. ఆదివారం పూర్తిగా ఆమెది కావాలి, రాత్రి డ్యూటీ వంతులవారీగా పంచుకోవాలి, కొడుకులు, అల్లుళ్లు కూడా ఒళ్లు తుడవడం, కమోడ్ కడగడం నేర్చుకోవాలి. భార్యే చూసుకుంటున్న ఇళ్లలో ఆమెకూ డెబ్బై ఏళ్లుంటాయి. ఆమె బీపీ మాత్ర ఎవరు గుర్తు చేస్తున్నారు? నిద్ర పట్టక, ఏడుపు ఆగక ఉంటే మానసిక ఆరోగ్య సహాయవాణి టెలి మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి, తెలుగులో మాట్లాడతారు.

ఎప్పటికి మునుపటిలా అవుతారు?

తుంటి విరిగినవారికి వాకర్ మీద నమ్మకంగా నడవడానికి వారాలు, ఊతం వదలడానికి తరచుగా మూడు నెలలు, పూర్తి బలానికి ఏడాది దాకా పట్టవచ్చు. కొందరు పూర్తిగా మునుపటిలా కారు. న్యుమోనియా తర్వాత నీరసం కూడా వారాలు, నెలలు ఉంటుంది. కాబట్టి రోజుతో రోజును పోల్చకుండా, ఈ ఆదివారాన్ని పోయిన ఆదివారంతో పోల్చండి. వారం వారం కొంచెం మెరుగుపడుతుంటే దారి సరైనదే. రెండు వారాలు ఎదుగూ బొదుగూ లేకపోయినా, తిండి మీద, మనుషుల మీద ఆసక్తి పోయినా డాక్టరుకు చెప్పండి. దిగులు కూడా చికిత్స ఉన్న జబ్బే.

మా నాన్నగారు ఆరో వారంలో ఒక పొద్దున ఎవరికీ చెప్పకుండా లేచి గేటు దాకా నడిచారు. అమ్మ వంటింట్లోంచి చూసి, పరుగెత్తకుండా, రెండడుగుల వెనక వెళ్లి నిలబడింది. పేపరు కుర్రాడు గేటు మీద నుంచి అందించిన పేపరును ఆయన వాకర్‌కు కట్టిన గుడ్డసంచిలో వేసుకుని, మెల్లగా తిరిగి వచ్చి వరండాలో తన కుర్చీలో కూర్చున్నారు.